42తో ముగిసే అడ్రస్

"నాలుగింటికి కోర్టు ఆర్డర్‌తో వచ్చి సర్వర్ ఊడదీసుకుపోతారు ఆంటీ. ఇంకా గంటా యాభై నిమిషాలే టైమ్," అంది చంద్రిక.

రాధారాణి కారు ఇంజన్ ఆపింది. డాష్‌బోర్డ్ మీద 2:10 వెలిగి ఆరిపోయింది. ఇరవై రెండేళ్ళు ఒక టెలిఫోన్ కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో పనిచేసి, ఆ తర్వాత మిషిగన్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ తీసుకున్న మనిషి ఆమె. తొందరపడేవాళ్ళ ముందు నెమ్మదిగా ఉండటం ఆమెకి అలవాటు.

"మొదట్నుంచీ చెప్పు. నాకు తెలిసిందే అయినా సరే."

చంద్రిక ఊపిరి పీల్చుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. ఆరు రోజులుగా సరిగ్గా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి.

"పోయిన గురువారం మధ్యాహ్నం 2:14కి శ్రీధర్ గారి కంపెనీ బ్యాటరీ డ్రాయింగ్స్ ఒహాయోలో ఇంకో కంపెనీకి వెళ్ళాయి. కావాలంటే మిగతావి కూడా ఇస్తాం అని మెసేజ్‌తో సహా. వాళ్ళు మంచోళ్ళు, వెంటనే శ్రీధర్ గారికే ఫోన్ చేసి చెప్పారు. వాళ్ళ లాగ్‌లో, అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, పంపిన ఇంటర్నెట్ అడ్రస్ 42తో ఎండ్ అవుతోంది. అది జయంతి ఆంటీ రిజిస్ట్రీది."

జయంతి రిటైరైన పిల్లల డాక్టరు. మన వాళ్ళలో ఎముక మజ్జ ఇవ్వడానికి ముందుకొచ్చే దాతల జాబితా ఒకటి పదకొండేళ్ళుగా నడుపుతోంది. ఆ జాబితా ఉన్న సర్వర్, శ్రీధర్ కంపెనీ డ్రాయింగులున్న సర్వర్, ఒక తెలుగు రేడియో సర్వర్, మూడూ ట్రాయ్‌లో హనుమయ్య గారి బిల్డింగ్ బేస్‌మెంట్‌లో ఒకే అరలో ఉంటాయి. ఇంటర్నెట్ లైన్ ఒక్కటే. కానీ మూడింటికీ మూడు వేర్వేరు పబ్లిక్ అడ్రస్‌లు. మధ్యలో ఉన్న రూటరే ఎవరి దారిలో వాళ్ళని పంపుతుంది, ఒకదాని మొహం ఒకటి చూడకుండా గోడ కడుతుంది. ఆ రూటర్‌ని చూసుకునే ఉద్యోగం చంద్రికది. తీరిక వేళల్లో రిజిస్ట్రీ పని ఊరికే చేసిపెడుతుంది. శ్రీధర్ తరఫున వచ్చిన డిటెక్టివ్ రాజ్‌కి ఆ రెండు విషయాలే సరిపోయాయి.

"2:14కి నువ్వెక్కడున్నావు?"

"డెంటిస్ట్ దగ్గర. రూట్ కెనాల్. నోట్లో డ్రిల్ ఉంది ఆంటీ. అయినా ముందే టైమర్ పెట్టి ఉండొచ్చంటారు రాజ్ గారు."

"రూటర్‌లోకి వెళ్ళి చూశావా?"

"ఎలా చూడను? శుక్రవారం పొద్దున్నే నా పాస్‌వర్డ్ తీసేశారు." ఆమె సీటు బెల్టు విప్పింది. "నా ఉద్యోగం సంగతి తర్వాత. ఫ్రిస్కోలో ఇషా అని ముప్పై మూడేళ్ళావిడ హాస్పిటల్‌లో ఉంది. పోయిన వారం సోమవారం మజ్జ మ్యాచ్ అయ్యే దాత దొరికారు. ఆ దాత పాత రిపోర్టులన్నీ వాళ్ళ డాక్టర్లు మన సర్వర్ నుంచే తీసుకుంటున్నారు. అది కోర్టు గదిలో తాళం పడితే మళ్ళీ ఎన్ని వారాలో..."

"పద," అంది రాధారాణి.

హనుమయ్య తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్ళు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరై, ఖాళీగా కూర్చోలేక ఈ బిల్డింగ్ కొనుక్కున్నాడు. చంద్రిక వైపు చూడలేక స్వెట్టర్ గుండీ తిప్పుకుంటున్నాడు.

"హనుమయ్య గారూ, గురువారం ఇక్కడ కరెంటు పోయిందా?"

"లేదమ్మా, పోలేదు." జవాబు ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది.

"వాన పడింది కదా?"

"పడితే?"

"ఏం లేదు. కిందికి వెళ్దామా?"

బేస్‌మెంట్ మెట్లు దిగగానే రాధారాణి సర్వర్ల వైపు వెళ్ళలేదు. గోడ మొదట్లో వంగి చూసింది. నేలకి రెండంగుళాల ఎత్తున గోడ పొడుగునా ఒక గీత, దాని కింద సున్నం ఉబ్బి ఉంది. మూలన నీళ్ళు తోడే చిన్న పంపు, కొత్తది. దాని నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరు మడతలు ఇంకా విడలేదు. పంపు వచ్చిన అట్టపెట్టె మెట్ల కింద ఉంది. పెట్టెలోనే షాపు రసీదు: గురువారం, 1:21.

ఆమె రసీదుని ఉన్నచోటే ఉంచి, ఫోన్‌తో ఫొటో తీసుకుంది. వెనక హనుమయ్య దగ్గాడు.

అరలో సర్వర్లు మూడూ చంద్రిక అంటించిన లేబుళ్ళతో వరుసగా ఉన్నాయి. రేడియో సర్వర్ లైటు వెలగడం లేదు. డిస్క్ పాడైతే, దాన్ని పోయిన వారం సోమవారమే ఊడదీసి రిపేరుకి పంపారట. దాని కేబుల్ ఊరికే వేలాడుతోంది. పైన టిఫిన్ డబ్బా అంత రూటర్. రాధారాణి చెయ్యి చాచింది.

"మేడమ్, దాని మీద చెయ్యి పెట్టొద్దు. అది ఎవిడెన్స్."

మెట్ల మీద రాజ్. నలభై ఏళ్ళవాడు, ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో ఫైలు. హైదరాబాద్‌లో పెరిగిన యాస ఇన్నేళ్ళయినా పోలేదు. గతంలో రెండు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండుసార్లూ అతను ముందు తేల్చేసి, తర్వాత వెతికాడు.

"ఎవిడెన్స్ అని మీకూ తెలుసన్నమాట. మరి ఇన్ని రోజులుగా దాన్ని ఎందుకు చూడలేదు?"

"చూడాల్సిన పని లేదు. షీట్ ఉన్నది." అతను ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. "ఇది చంద్రికనే రాసుకున్న షీట్. రిజిస్ట్రీ లోపలికొచ్చేది 42, బయటికి పోయేది 42. డ్రాయింగ్స్ లోపలికొచ్చేది 43, బయటికి పోయేది 43. డ్రాయింగ్స్ సర్వర్ నుంచి పోయి ఉంటే అవతల 43 కనబడాలె. కనబడింది 42. అంటే రిజిస్ట్రీ నుంచే పోయింది. ఈమె మధ్యల గోడ తీసి, ఫైల్ ఇటు గుంజుకుని, పంపి, మళ్ళ గోడ పెట్టింది. ఇంకేం కావాలె?"

"షీట్ మీద ఉన్నదీ, రూటర్‌లో ఉన్నదీ ఒకటేనని మీకెవరు చెప్పారు?"

"షీట్ ఈమెదే కద!"

"అందుకే అడుగుతున్నా. మనిషి కాగితం మీద రాసుకునేది తను చేద్దామనుకున్నది. చేసింది వేరే ఉండొచ్చు." రాధారాణి పక్కనున్న స్టూలు అతని వైపు జరిపింది. "మీరే కూర్చోండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది, మీరే కొట్టండి. నేను చేతులు కట్టుకుని నిలబడతాను. మీరు చూసిందే మీ లాయర్‌కి చెప్పండి."

రాజ్ స్టూలు వైపు చూశాడు. ఒప్పుకోవడం ఇష్టం లేదు, కానీ తప్పు పట్టడానికీ ఏం దొరకలేదు. కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

"మొదటి పేజీలో రూటర్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో ఉంటుంది. చదవండి."

"ఆరు రోజులు... సున్నా గంటలు, ముప్పై ఎనిమిది నిమిషాలు."

"ఇప్పుడు టైమెంత?"

"2:31."

"ఇవాళ బుధవారం. అంటే గురువారం 1:53కి ఇది ఆగి మళ్ళీ మొదలైంది. డ్రాయింగులు వెళ్ళడానికి ఇరవయ్యొక్క నిమిషాల ముందు." ఆమె వెనక్కి తిరిగింది. "హనుమయ్య గారూ, కరెంటు పోలేదన్నారు."

హనుమయ్య మెట్ల చివర కూలబడినట్టు కూర్చున్నాడు.

"కరెంటు పోలేదమ్మా. నేనే పోగొట్టాను." తల వంచుకునే చెప్పాడు. "వాన నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి. పరుగెత్తికెళ్ళి పంపు తెచ్చాను. కంగారులో సర్వర్ల ప్లగ్గులోనే పెట్టాను. పంపు ఆన్ చెయ్యగానే మొత్తం టప్‌మని ఆగిపోయింది. రెండు నిమిషాల్లో మళ్ళీ అన్నీ వేశాను. అన్ని లైట్లూ వచ్చాయి. బాగానే ఉంది కదా అనుకున్నాను."

"అంకుల్! నాకొక్క మాట చెప్పొచ్చు కదా?" అంది చంద్రిక.

"చెబితే మా అమ్మాయికి తెలుస్తుంది. నీకెందుకు నాన్నా ఈ వయసులో, ఈ బిల్డింగ్ మూసెయ్ అంటుంది. ఏడాది నుంచీ అదే మాట. నిజంగానే చేతకానివాణ్ణి అయిపోయానేమోనని భయమేసిందమ్మా. దానివల్ల నీ మీదకి వస్తుందని నాకేం తెలుసు? రూటర్ ఆగితే దొంగతనానికేం సంబంధం?"

"అదే చూద్దాం," అంది రాధారాణి. "రాజ్ గారూ, రూల్స్ పేజీ తియ్యండి. లోపలికి వచ్చేవి ముందు."

"42కి వస్తే రిజిస్ట్రీ. 43కి వస్తే డ్రాయింగ్స్. 44కి వస్తే రేడియో. షీట్‌ల ఉన్నట్టే ఉన్నది."

"మధ్యలో గోడ?"

"ఉన్నది. మూడింటి మధ్యలా ఉన్నది."

"బయటికి వెళ్ళేవి?"

రాజ్ వేలు పేజీ మీద కిందికి జరిగి ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది. మళ్ళీ కిందికి వచ్చింది.

"ఒక్కటే లైన్ ఉన్నది," అన్నాడు మెల్లగా. "ఎవరు పోయినా రూటర్ సొంత అడ్రస్ మీదనే పోవాలని."

"రూటర్ సొంత అడ్రస్?"

"42. రిజిస్ట్రీ వాడుకునేది కూడా అదే."

చంద్రిక ముందుకొచ్చి స్క్రీన్ చూసింది. ఆమె మొహంలో రంగు దిగిపోయింది.

"ఇక్కడ మూడు లైన్లుండాలి. మార్చిలో నేనే పెట్టాను. శ్రీధర్ గారి మెయిల్స్ అన్నీ 42 పేరు మీద వెళ్ళి వెనక్కొచ్చేస్తున్నాయని కంప్లెయింట్ చేస్తే, ఎవరి అడ్రస్‌తో వాళ్ళు వెళ్ళేట్టు కొత్త రూల్స్ రాశాను. టెస్ట్ చేశాను, పనిచేసింది. షీట్‌లో రాసుకున్నాను." ఆమె ఆగింది. "సేవ్ చెయ్యలేదు ఆంటీ. రూల్ నడుస్తోంది కదా అని సేవ్ చెయ్యడం మర్చిపోయాను. రూటర్ ఆగి లేచాక పాత సెట్టింగులతోనే లేచింది. తప్పు నాదే."

రాధారాణికి కోపం రాలేదు. టెలిఫోన్ కంపెనీలో చేరిన కొత్తలో తనూ ఇలాగే సేవ్ చెయ్యడం మరిచి, ఒక ఊరి ఫోన్లన్నీ పూటంతా మూగబోయేలా చేసింది.

"మరిచిపోయావు. దొంగతనం చెయ్యలేదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది," అంది.

"ఒక్క నిమిషం మేడమ్," రాజ్ లేచాడు. "ఈ రూల్స్ దొంగతనం అయినంక తీసేసి ఉండొచ్చు కద? మార్చిలో పెట్టింది, గురువారం సాయంత్రం తీసేసింది. అట్ల ఎందుకు కాకూడదు?"

మంచి ప్రశ్నే. రాధారాణి లోలోపల ఒప్పుకుంది.

"పేజీ అడుగున చివరిసారి సేవ్ చేసిన తేదీ ఉంటుంది."

"పోయినేడు నవంబర్ తొమ్మిది."

"చివరి మార్పు?"

"రూటర్ లేచినంక... నేను శుక్రవారం పాస్‌వర్డ్ మార్చిన. అదొక్కటే."

"మరొకటి. హనుమయ్య గారూ, శుక్రవారం నుంచి శ్రీధర్ ఆఫీసు వాళ్ళు ఏమైనా ఫోన్ చేశారా, ఈ కేసు గురించి కాకుండా?"

"చేశారమ్మా. మెయిల్స్ వెనక్కొస్తున్నాయని మూడుసార్లు మెసేజ్ పెట్టారు. ఈ గొడవలో నేను పట్టించుకోలేదు."

"మార్చిలో వచ్చిన జబ్బే మళ్ళీ వచ్చింది. గురువారం మధ్యాహ్నం దాకా లేనిది." ఆమె తన సంచిలోంచి లాప్‌టాప్ తీసి రాజ్ చేతిలో పెట్టింది. "నా మాట నమ్మొద్దు. రేడియో కేబుల్ ఖాళీగా ఉంది, దీనికి తగిలించండి. షీట్ ప్రకారం ఆ దారిన వెళ్తే బయట కనబడాల్సింది 44. మీ అడ్రస్ ఏమిటో చూపించే సైట్ ఏదైనా తెరవండి."

రాజ్ కేబుల్ తగిలించాడు. పేజీ తెరుచుకుంది. పెద్ద అక్షరాల్లో అడ్రస్ వచ్చింది.

చివర 42.

హనుమయ్య మెట్ల మీంచే మెడ సాచాడు. "అంటే ఏంటమ్మా?"

"అంటే ఈ ఇంట్లో ముగ్గురిలో ఎవరు ఉత్తరం రాసినా, కవర్ మీద ఫ్రమ్ అడ్రస్ జయంతి గారిదే పడుతోంది. గురువారం 1:53 నుంచి ఈ నిమిషం దాకా. ఒహాయో వాళ్ళు కవర్ చూశారు. రాసిందెవరో వాళ్ళకి తెలీదు. రాజ్ గారికీ తెలీదు."

రాజ్ దవడ బిగుసుకుంది. రాధారాణి అతన్ని ఇంకా గుచ్చలేదు. ఓడిన మనిషిని గోడకి నొక్కితే నిజం చెప్పడం మానేస్తాడని ఆమెకి తెలుసు.

"రాసిందెవరో రూటర్‌కి తెలుసు," అంది. "చంద్రికా, బయటికి వెళ్ళేవాటికి లాగ్ ఉందా?"

"ఉంది, వచ్చేవాటికీ ఉంది. ఆ సెట్టింగ్ పాతదే, సేవ్ అయింది. కానీ లాగ్ మెమరీలోనే ఉంటుంది ఆంటీ, రూటర్ ఆపితే పోతుంది. గురువారం నుంచి ఆపలేదు కాబట్టి..."

రాజ్ అప్పటికే లాగ్ తెరిచి గురువారానికి వెళుతున్నాడు. 2:12. 2:13. ఒహాయో కంపెనీ అడ్రస్ దగ్గర అతని చెయ్యి ఆగింది.

"2:14:07. పంపిన సర్వర్ లోపలి నంబర్ 30." అతను అర మీద లేబుళ్ళు చూశాడు. రిజిస్ట్రీ కింద 20 అని ఉంది. 30 అని ఉన్నది మధ్య సర్వర్ కింద. "డ్రాయింగ్స్ సర్వర్. వాళ్ళ సర్వర్ నుంచే పోయింది."

"ఆ నిమిషంలో రిజిస్ట్రీ నుంచి?"

"రెండే ఉన్నయి. రెండూ ఫ్రిస్కో హాస్పిటల్‌కి."

చంద్రిక రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. హనుమయ్య లేచి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, ఆమె తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

రాజ్ ఫోన్ తీసి లాయర్‌కి చేశాడు. చుట్టూ తిప్పకుండా చెప్పాడు. ఆ సంగతి రాధారాణికి నచ్చింది. "అడ్రస్ మీద నేను రాసిన రిపోర్ట్ తప్పు. రిజిస్ట్రీ సర్వర్ ముట్టుకోవద్దు. అవును, నేనే చెప్తున్న. రాసి కూడా ఇస్త." ఫోన్ పెట్టేసరికి 3:22. పదహారు నిమిషాల తర్వాత లాయర్ నుంచి మెయిల్ వచ్చింది: సర్వర్ స్వాధీనం ఆపేశాం.

రాధారాణి జయంతికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఫ్రిస్కో డాక్టర్ ఇప్పుడే కాల్ చేశాడు రాధా. రిపోర్టులన్నీ అందాయట. ఇషాకి వచ్చే గురువారం ట్రాన్స్‌ప్లాంట్ ఫిక్స్ చేశారు. చంద్రిక ఉందా అక్కడ? అన్నం తిందా ఆ పిల్ల?"

"తినలేదు ఆంటీ," అంది చంద్రిక, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో. "ఇప్పుడు ఆకలేస్తోంది."

హనుమయ్య అప్పటికే మెట్లెక్కుతున్నాడు. పది నిమిషాల్లో పై నుంచి ఉప్మా వాసన వచ్చింది. ఆ బేస్‌మెంట్‌లో ఆరు రోజులుగా బిగుసుకుపోయిన గాలి కాస్త వదులైనట్టనిపించింది. చంద్రిక ప్లేటు పట్టుకుని నేల మీదే కూర్చుని తింటోంది. రాజ్ కూడా వద్దనలేదు.

రాధారాణి మాత్రం స్టూలు మీద కూర్చుని లాగ్ చదువుతూనే ఉంది. ఏ సర్వర్ నుంచి బయటికి వెళ్ళాయో తేలింది. ఆ సర్వర్ దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి పంపించాలి కదా. వచ్చేవాటి లాగ్‌లో గురువారం 2:03కి ఒకే ఒక లాగిన్ ఉంది. బయటి నుంచి 43కి వచ్చి, పదిహేను నిమిషాలు ఉండి వెళ్ళారు.

"రాజ్ గారూ, ఈ అడ్రస్ ఎవరిదో కనుక్కోవాలి." నంబరు మొత్తం చదివింది.

రాజ్ చేతిలో చెంచా ఆగిపోయింది. "మళ్ళ చదవండి."

చదివింది.

"కనుక్కునేది లేదు మేడమ్. ఇంటి నుంచి పనిచేసేటప్పుడు రోజూ కొడత ఆ నంబర్. మా ఆఫీస్ది." ప్లేటు పక్కన పెట్టాడు. "గురువారం నాకు శ్రీధర్ అంటే ఎవరో కూడా తెల్వదు. శుక్రవారం పొద్దున ఈ కేసు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది మా పార్ట్‌నర్, సిద్ధార్థ్. జూన్‌లో డ్రాయింగ్స్ సర్వర్‌కి సెక్యూరిటీ చెక్ చేసింది కూడా ఆయనే. పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంటది." అతను అర వైపు తిరిగాడు. "42 అని నేను రిపోర్ట్ రాసిన రోజు, సర్వర్ తీస్కపోదాం అని తొందర పెట్టింది కూడా ఆయనే."

"ఇప్పుడు ఆయనకేం చెప్పారు?"

"3:40కి మెసేజ్ పెట్టిన. అమ్మాయి తప్పు లేదు, రూటర్‌లో లాగ్ దొరికింది అని." అతను కళ్ళు మూసుకున్నాడు. "నేనే చెప్పిన."

చంద్రిక ప్లేటు వదిలేసి లేచింది. "ఆంటీ, చూడండి!"

లాగ్ చివర కొత్త వరుస పుట్టింది. 3:51. అదే బయటి అడ్రస్. అదే 43. చూస్తుండగానే అది తెగిపోయింది, 3:53కి.

"డ్రాయింగ్స్ సర్వర్‌లో తన జాడ తుడిచేశాడు," అంది రాధారాణి. "మిగిలింది ఈ డబ్బా ఒక్కటే. ప్లగ్గు పీకితే చాలు. మీ ఆఫీస్ ఎంత దూరం?"

"తొమ్మిది నిమిషాలు. నాలుగింటికి సర్వర్ తీస్కపోనీకి రావాల్సింది ఆయనే. బిల్డింగ్ తాళం కూడా ఉన్నది ఆయన దగ్గర."

"చంద్రికా, లాగ్ మొత్తం కాపీ చెయ్. ఒకటి నాకు, ఒకటి రాజ్ గారి లాయర్‌కి, ఒకటి జయంతి గారికి."

చంద్రిక రాజ్ లాప్‌టాప్ తన వైపు లాక్కుంది. రెండు నిమిషాల్లో మూడు మెయిళ్ళూ వెళ్ళాయి. రాజ్ ఎవరూ చెప్పకుండానే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి, తన పార్ట్‌నర్ పేరు అక్షరం అక్షరం చెబుతున్నాడు. అతన్ని చూస్తూ రాధారాణి అనుకుంది, ఇన్నేళ్ళలో ఈ మనిషి పక్కన నిలబడటానికి మొహమాటంగా అనిపించని మొదటి రోజు ఇదేనని.

పైన తలుపు తాళం తిరిగింది. బరువైన బూట్లు నిదానంగా మెట్ల వైపు వచ్చాయి.

"రాజ్? కింద ఉన్నావా?"

రాజ్ ఆమె వైపు చూశాడు. రాధారాణి స్టూలు మీంచి లేవలేదు. రావాల్సిన కాపీ వచ్చిందని ఆమె ఫోన్ వెలిగి చెప్పింది.

"రానివ్వండి," అంది. "పీకితే పోయేది ఇక్కడ ఇప్పుడేమీ లేదు."